లెఫ్ట్ ఫీల్డ్ గోడ వెనక

పోర్ట్ ఆల్డెన్, ఒహాయో
మార్చి 9, 1994

ఎడారిలో వడియంలా ఎండుతున్న తమ్ముడు ఎమిల్‌కి,

నువ్వు పంపిన నారింజ పళ్ళ పెట్టె చేరింది. సగం దారిలోనే కుళ్ళాయి. మిగతావి శుక్రవారం చర్చి హాల్లో చేపల వేపుడుకి వచ్చినవాళ్ళకి పంచాను. "మీ తమ్ముడు బాగున్నాడా?" అని అందరూ అడిగారు. "మంచు కురవని చోట దాక్కున్నాడు, బాగుండక చస్తాడా" అన్నాను. ఫోన్ చెయ్యమని రాశావు. చేస్తే నీకు వినపడదు, అరిస్తే నా గొంతు పోతుంది. ఉత్తరమే నయం.

ఇక అసలు సంగతికి వస్తాను. మన బేస్‌బాల్ స్టేడియం డ్రెక్స్లర్ పార్కుని కూల్చేస్తారట. నిన్న మునిసిపల్ హాల్లో మీటింగు పెట్టారు. షికాగో నుంచి ఒక సలహాదారు వచ్చాడు. అతని బూట్లకి మన ఊరి బురద అంటకుండా గుమ్మం దాకా చాప పరిచారు. పాత స్టేడియంలో స్తంభాలడ్డమొచ్చి ఆట కనపడదంటూ దీపాలార్పి తెర మీద బొమ్మలు చూపించాడు. నది ఒడ్డున కొత్త స్టేడియం. దానికి ఎర్ర ఇటుక గోడలు, ఇనప స్తంభాలు, పాతకాలపు గడియారం. అంటే ఉన్న పాతదాన్ని పడగొట్టి, పాతదానిలా కనిపించే కొత్తది కడతారన్నమాట. పక్కన మన వార్డు కౌన్సిలర్ బెర్నిస్ హాలోరన్ కూర్చుంది. "నోట్లో పళ్ళన్నీ పీకేసి, పుచ్చు పళ్ళలా కనిపించే కట్టుడు పళ్ళు పెడతారటే" అన్నాను. అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత జట్టు యజమాని వైల్డర్‌మత్ లేచాడు. వాళ్ళ నాన్న పోయాక స్టర్జన్స్ జట్టు వీడి చేతికొచ్చింది, అప్పటినుంచి ఒక్క ఏడూ నెగ్గింది లేదు. "ఇలాంటి స్టేడియంలో ఏ జట్టూ గెలవలేదండీ" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు.

ఊళ్ళోవాళ్ళకి తలా మూడు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇచ్చారు. నా వంతు రాగానే మైకు పట్టుకున్నాను. "కూల్చేయండి! తప్పకుండా కూల్చేయండి. మా చర్చికీ స్తంభాలున్నాయి, వెనక కూర్చుంటే ఫాదర్ కనపడడు, దాన్నీ పడగొట్టండి. నాకు డెబ్భై దాటాయి, మోకాలు పని చెయ్యదు. నన్నూ కూల్చేసి, నది ఒడ్డున నాలాగే ఉండే పడుచుదాన్ని నిలబెట్టండి. ఒట్టు, నిజంగానే అంటున్నా!" అన్నాను. హాలంతా పడీపడీ నవ్వింది. సలహాదారుకి మాత్రం అర్థం కాలేదు. "థాంక్యూ మేడమ్" అని నా పేరు రాసుకున్నాడు, సమర్థించాననుకుని.

నవ్వులకేం గాని, నీకు ఒక మాట చెప్పాలి. కూపర్ వీధిలో ఈ ఇల్లు స్టెఫాన్, నేను పెళ్ళైన ఏడాది కొనుక్కున్నది. పెరట్లో చెయ్యి చాపితే మైదానం ఎడమ చివరి లెఫ్ట్ ఫీల్డ్ గోడ తగులుతుంది. నీ బావ వరండాలో రేడియో పెట్టుకుని ఆట వినేవాడు. జనం గోల ముందే గోడ మీదుగా వచ్చేది, రేడియోవాడు ఆ తర్వాత చెప్పేవాడు. "వీడికి కొంచెం మందం" అని నవ్వేవాడు స్టెఫాన్. ఆయన పోయినా ఆ గోల వస్తూనే ఉంది. అది వింటూ ఈ ఇంట్లోనే పోవాలని నా కోరిక. నాకింకేం అక్కర్లేదు.

నీ అక్క,
ఓల్గా


మీసా, అరిజోనా
మార్చి 21, 1994

లెఫ్ట్ ఫీల్డ్ మహారాణి అక్కకి,

దండం. నీ ప్రసంగం బాగుంది. కాని ఆ సలహాదారు చెప్పిందే నిజం.

పోర్ట్ ఆల్డెన్ పేపరుకి ఆటల వార్తలు రాసి రిటైరైనవాణ్ణి, ఆ స్టేడియం గురించి నాకు చెప్పకు. మేము కూర్చుని రాసుకునే గది కప్పు మీద పావురాలు, కింద మా కాగితాలు. మిగతాది నువ్వే ఊహించుకో. వాన పడితే టైపు మిషను మీద గొడుగు పట్టేవాళ్ళం, మేము తడిసేవాళ్ళం. నా కుర్చీ ముందు స్తంభం ఒకటి. నేను చూసిన ఆటల్లో షార్ట్‌స్టాప్ చోట కాసే ఫీల్డరే లేడు. ఇక మగవాళ్ళ మరుగుదొడ్డి సంగతి అక్కకి రాయకూడదు. పశువుల కుడితి తొట్టి అంతకంటే నయం అని మాత్రం అంటాను. దాన్ని చరిత్ర అంటారా? మా నడుం నొప్పి కూడా చరిత్రేనా?

ఇక్కడికొచ్చి చూడు. పెద్ద లీగు జట్లు వసంతంలో సాధన చేసే స్టేడియం ఉంది. నీడ ఉంది, మెత్తటి సీటు ఉంది, ప్రతి సీటుకీ గ్లాసు పెట్టుకునే గుంట ఉంది. స్తంభం లేదు. మొన్న మొదటిసారి షార్ట్‌స్టాప్‌ని కళ్ళారా చూశాను. బాగానే ఆడుతున్నాడు పాపం.

నిన్నెన్నిసార్లు రమ్మన్నాను? పక్క గది ఖాళీగానే ఉంది. పెరట్లో నారింజ చెట్టుంది. నువ్వు మాత్రం ఆ ఇంటి కప్పు కారుతుంటే గిన్నెలు పెట్టుకుంటూ కూర్చో.

నీ తమ్ముడు,
ఎమిల్


పోర్ట్ ఆల్డెన్
మే 23, 1994

గుంటలో గ్లాసు పెట్టుకున్న దొరగారికి,

గ్లాసు చేత్తో పట్టుకోలేని వాళ్ళకి ఆటెందుకురా? ఇంట్లో మంచానికి కూడా ఒక గుంట చేయించుకో.

ఆటలు మొదలయ్యాయి. నేను యథాప్రకారం లెఫ్ట్ ఫీల్డ్ బల్లల మీదే. మొన్న అవతలి జట్టు లెఫ్ట్ ఫీల్డర్ ఒక తేలికపాటి బంతి వదిలేశాడు. ఊరుకుంటానా? "నాయనా, అది తెల్లగా, గుండ్రంగా ఉంటుంది, ఎప్పుడైనా చూశావా? మీ అమ్మకి ఫోన్ చేసి చెప్తా, నువ్వు ఊళ్ళు చూడ్డానికి వచ్చావని! ఒట్టు, నిజంగానే అంటున్నా!" అని కేకేశాను. 'ఒట్టు' అనే చోట ఇప్పుడు బల్లల మీద జనమంతా నాతో కలిసి అరుస్తున్నారు. ఆ పిల్లాడు నవ్వాపుకోలేక తర్వాతి బంతీ వదిలేశాడు. కొంతమంది టికెట్టు కొనేది నా నోరు వినడానికేనట. వైల్డర్‌మత్ నాకు జీతమివ్వాలి.

స్టేడియం కాపాడటానికి ఒక సంఘం కూడా పుట్టింది. అధ్యక్షురాలు ప్రిసిల్లా థార్న్‌డైక్. చెరువంత ఇంట్లో, సరస్సు ఒడ్డున ఉంటుంది. మెడలో ముత్యాలు, చేతిలో దుర్భిణి. ఆ దుర్భిణితో ఆట చూస్తుందనుకున్నావా? కప్పు కింద ఇనప దూలాల మేకులు చూస్తుంది. "ఓల్గా డియర్, ఈ ఇటుక పని చూడండి, ప్రాణం లేచొస్తుంది" అంటుంది. ఐదో ఇన్నింగ్స్‌లో నా చెవిలో "ఇంటర్వెల్ ఎప్పుడు?" అని అడిగింది. నేను కడ్డీకి గుచ్చిన సాసేజ్ నోట్లోనే పెట్టుకుని ఉండిపోయాను.

అయినా సరే, పని మాత్రం రాక్షసిలా చేస్తోంది. వకీళ్ళు తెలుసు, గవర్నరు భార్య తెలుసు. నేను ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టుకొస్తున్నాను. కూపర్ వీధిలో అందరూ చేశారు. నువ్వే ఒక్కడివి పరాయివాళ్ళ పక్షం.

ఓల్గా


మీసా
జూన్ 14, 1994

సంఘసేవకురాలు అక్కకి,

ముత్యాలావిడ, నువ్వు ఒకే బల్ల మీద కూర్చున్న దృశ్యం తలుచుకుని పొద్దున్న కాఫీ చొక్కా మీద పోసుకున్నాను. గ్లాసుకి గుంట ఉండాలని అందుకే అంటాను.

ఒక మాట మాత్రం విను. విలేకరిగా ఇన్నేళ్ళు మునిసిపాలిటీ మీటింగుల్లో కునికిపాట్లు పడ్డవాణ్ణి. ఊళ్ళో ఒకటి కాపాడారంటే దాని పక్కదేదో పోతుంది. రైల్వే స్టేషను కాపాడారు, దాని ఎదురుగా ఉన్న సంత పోయింది. గడియార స్తంభం కాపాడారు, దాని నీడన ఉన్న చెప్పుల కొట్లు పోయాయి. ఇల్లు అలకగానే పండగ కాదు. ముత్యాలావిడని కాస్త కనిపెట్టి ఉండు.

నేను బాగానే ఉన్నాను. ఎండలు చెప్పలేనంత. నీ మరదలు హెలెన్ పోయి రెండో వేసవి ఇది. సాయంత్రాలు ఇక్కడ బాగా పొడుగు.

ఎమిల్


పోర్ట్ ఆల్డెన్
ఆగస్టు 29, 1994

ఓడిపోయిన తమ్ముడు ఎమిల్‌కి,

గెలిచాం! నీ షార్ట్‌స్టాప్‌ని పిలిచి చెప్పు.

అంతా పెద్ద లీగు వాళ్ళ పుణ్యం. ఈ నెలలో వాళ్ళు సమ్మె చేసి బ్యాట్లు కింద పడేశారు కదా, క్లీవ్‌లాండ్ వెళ్ళి చూసే జనమంతా ఇప్పుడు మన స్టర్జన్స్ మీద పడ్డారు. పాలు లేనివాడికి మజ్జిగే అమృతం. డ్రెక్స్లర్ పార్కులో ఇసకేస్తే రాలడం లేదు. పావురాలకి కూడా చోటు లేదు. నిండిన బల్లలు చూసేసరికి వైల్డర్‌మత్‌కి ఇటుకల మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. "మా నాన్నగారి జ్ఞాపకం" అంటాడు. ఐదు నెలల కిందట అదే నాన్నగారి జ్ఞాపకానికి బుల్‌డోజరు తేబోయాడు.

శుక్రవారం మీటింగులో అతనే అన్నాడు. "మిసెస్ టోమ్‌కో, స్టేడియంతో నాకిప్పుడు పేచీ లేదండీ. వచ్చే జనానికి కార్లు పెట్టుకునే చోటే లేదు. అందుకే నది ఒడ్డు అన్నాం."

నేను లేచాను. "అంతేనా నాయనా నీ కష్టం? ఇంత పెద్దమనిషివి, నాలుగు కార్లకి చోటు చూసుకోలేవా? స్టేడియం చుట్టూ బోలెడంత జాగా ఉంది, ఎక్కడో అక్కడ చూసుకో. గోడ మీద మాత్రం చెయ్యి వెయ్యకు!" అన్నాను. హాలు దద్దరిల్లిపోయింది. మేయరు బల్ల చరిచి "ఓల్గా మాటే నా మాట" అన్నాడు. ప్రిసిల్లా నన్ను కౌగిలించుకుంది. ముత్యాలు గుచ్చుకున్నాయి. ఇక అక్టోబరులో కౌన్సిల్ ఓటు వెయ్యడమే మిగిలింది.

నవ్విన నాప చేనే పండుతుందిరా. ఇప్పుడు చెప్పు, నీది మెత్తటి సీటా, నాది గెలిచిన సీటా?

ఓల్గా


పోర్ట్ ఆల్డెన్
సెప్టెంబరు 19, 1994

ఎమిల్‌కి,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇక్కడ మంచి కామెడీ జరుగుతోంది, నువ్వు లేకపోతే మజా లేదు.

వైల్డర్‌మత్ పార్కింగుకి చోటు చూసుకున్నాడు. ఎక్కడనుకున్నావు? కూపర్ వీధి. ఈ చివర నుంచి ఆ చివర దాకా. గోడ వెనక ఇళ్ళన్నీ తీసేసి తారు పోస్తారట. గోడకి రాగి పలక తాపడం చేస్తారు, 'చారిత్రక కట్టడం' అని. మ్యాపులో స్టేడియానికి ఎర్ర రంగు వేశారు, మాకు బూడిద రంగు. మన వంటింట్లో పొయ్యి ఉన్న చోట ఎవడో పికప్పు ట్రక్కు ఆపుకుంటాడు. స్టెఫాన్ కూర్చునే వరండాలో వికలాంగుల కార్లు పెడతారట, వాళ్ళకైనా పనికొస్తుందిలే.

"ఇదేమిటయ్యా?" అని అడిగాను. వైల్డర్‌మత్ ఎంత మర్యాదగా అన్నాడో! "మీరు చూపించిన చోటేనండీ. చుట్టూ బోలెడు జాగా ఉందని మీరే అన్నారు." నేను ఆ రైలు కట్ట అవతల ఉన్న బీడు భూమి అనుకున్నాను. వాడు నా మంచం కింద చూశాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

ప్రిసిల్లా దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "ఓల్గా డియర్, నాకూ బాధగానే ఉంది. కానీ ఆ ఇళ్ళకి చారిత్రక విలువేమీ లేదు. గోడలకి ప్లాస్టిక్ పలకలు తొడిగేశారు కదా, అసలు రూపమే పోయింది" అంది. ఆ పలకలు స్టెఫాన్ రెండు వేసవులు నిచ్చెన మీద నిలబడి తొడిగినవి. చలికి నేను వణుకుతానని తొడిగాడు. చరిత్రంటే ఏమిటో మరి. ఇటుకకి ఉందట, నాకు లేదట.

వీధిలో సగం మంది అద్దె వాళ్ళు. మిగతా వాళ్ళు ఎప్పుడు అమ్మేసి పోదామా అని కూర్చున్నారు. నిన్న చర్చిలో బెర్నిస్ నన్ను మెట్ల కింద ఆపింది. "కౌన్సిల్లో చెరిసగం ఉన్నారు ఓల్గా. తేల్చేది నా ఓటే. నువ్వు స్టేడియం ఉండాలంటే ఉంచుతా. వద్దంటే వద్దు. వాళ్ళు నది ఒడ్డున కట్టుకుంటారు, మీ వీధి మీకుంటుంది. అక్టోబరు మీటింగులో నీ నోటితో చెప్పు చాలు" అంది. ఆ గోడని కూల్చమని నా నోటితో నేనంటానా? ఊరంతా తిరిగి సంతకాలు పెట్టించిన నోరు ఇది. నువ్వే చెప్పు, అంటానా?

నిద్ర సరిగ్గా పట్టడం లేదు. సెప్టెంబరు వచ్చినా ఉక్క తగ్గలేదు, అందుకే.

ఓల్గా


మీసా
సెప్టెంబరు 28, 1994

పార్కింగ్ దాత అక్కకి,

నీ రెండుత్తరాలూ చేరాయి. మొదటిది చదివి ఏడవబోయాను, రెండోది చదివి నవ్వాను. ఇందుకే చెప్పాను, ఒకటి కాపాడితే పక్కది పోతుందని. కాకపోతే ఆ పక్కది నువ్వే అవుతావనుకోలేదు. గోడని కాపాడి, గోడకి ఆనుకున్న నీ కొంపనే ఇచ్చావు. కర్ణుడి తర్వాత నువ్వే!

నువ్వు కూల్చమంటావా అని అడిగావు. నువ్వనవు. నాకు తెలీదా? పొద్దు పడమట పొడిచినా నువ్వు ఆ మాట అనవు.

పోనీలే అక్కా. ఒక లెక్కన మంచిదే. కారే కప్పు, వంగిన వరండా, నేలమాళిగలో నీళ్ళు. మునిసిపాలిటీ వాళ్ళు తీసుకుంటానంటే దండం పెట్టి ఇచ్చెయ్. సామాను సర్దుకుని ఇక్కడికొచ్చెయ్. ఎదురింటి ముసలాడు రోజూ పువ్వుల చొక్కా వేసుకుని గోల్ఫుకి వెళ్తాడు. వాణ్ణి వరండాలోంచి నువ్వు ఏడిపించవచ్చు. లెఫ్ట్ ఫీల్డర్ల కంటే తేలిక, పరిగెత్తలేడు.

ఎమిల్


మీసా
అక్టోబరు 30, 1994

మహానటి అక్కకి,

శతకోటి దండాలు!

పేపరులో నాతో పనిచేసిన వాల్ట్ ప్రెంటిస్ మీటింగు వార్త కత్తిరించి పంపాడు. ఇప్పటికి ఆరుసార్లు చదివాను. 'ఓల్గా కూల్చమంది, స్టేడియం నిలిచింది' అని శీర్షిక. నేనున్నప్పుడు ఆ పేపరులో ఇంత మంచి శీర్షిక పడలేదు.

ఏం పేల్చావే! మైకు ముందు కాసేపు మాట్లాడకుండా నిలబడ్డావట. ఆ ఒడుపు చూడు! తర్వాత మెల్లిగా, "కూల్చేయండి. గోడ కూల్చేయండి. నా ఇల్లు నాకు ఉంచండి" అన్నావట. వైల్డర్‌మత్ ముఖం మీద కొట్టినట్టుంది. వాడి అత్యాశని వాడికే తిప్పి చూపించావు. బెర్నిస్ వైపు తిరిగి "నిన్ను వేడుకుంటున్నా" అనడం ఉంది చూశావూ, అక్కడే నేను కుర్చీలోంచి పడబోయాను. నువ్వూ వేడుకోవడమూ! ఇక ఆ రుమాలు! కళ్ళు తుడుచుకున్నావట, భుజాలు ఎగిసిపడేలా ఏడ్చావట. వాల్ట్ రాశాడు, "మూకీ సినిమా తారలు సిగ్గుపడాలి" అని. చివర్లో "నిజంగానే అంటున్నా" అనగానే హాలంతా లేచి ఒకే గొంతుతో "ఒట్టు!" అని అరిచిందట. నేనక్కడ లేనందుకు మొదటిసారి బాధపడ్డాను.

ఇక్కడ క్లబ్బులో పాత ఆటగాళ్ళు కొందరు చేరతారు. వాళ్ళకి చదివి వినిపించాను. రుమాలు తీసే చోట నేనూ రుమాలు తీశాను. పొట్టలు పట్టుకుని నవ్వారు. మళ్ళీ చదవమన్నారు, మళ్ళీ చదివాను.

నేనెప్పుడూ ఆ స్టేడియాన్ని తిట్టేవాణ్ణే. అయినా ఒప్పుకుంటున్నాను, నీ మూడు నిమిషాలే దాన్ని నిలబెట్టాయి. ఇల్లు పోతే పోయింది. ఎప్పుడొస్తున్నావో రాయి, గదికి సున్నం వేయిస్తాను.

గర్వంతో,
ఎమిల్


పోర్ట్ ఆల్డెన్
నవంబరు 7, 1994

ఎమిల్,

నేను నటించలేదు.

నీ సెప్టెంబరు ఉత్తరం వచ్చాక చాలా ఆలోచించాను. నేననను అని రాశావు. అనకపోతే ఇల్లు పోతుంది. పోనీలే అనుకుని చూశాను, మనసొప్పలేదు. పొద్దున్న లేచి పొయ్యి వెలిగించేది ఇక్కడ. స్టెఫాన్ చివరి ఊపిరి విడిచింది ఇక్కడి ముందు గదిలో. ఆ గోడ ఎంత ఇష్టమైనా గోడలో కాపురం ఉండలేను కదా. సిగ్గు విడిచి అడుగుదామని నిశ్చయించుకున్నాను. నలుగురూ తిడతారు, తిట్టనీ అనుకున్నాను. తిట్లకి సిద్ధపడి వెళ్ళాను.

మైకు ముందు కాసేపు మాట్లాడలేదని రాశావు, అది ఒడుపు కాదు. ఆ మాట అనడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. "కూల్చేయండి" అనగానే నవ్వారు. మార్చిలోనూ అలాగే మొదలెట్టాను కదా. "నా ఇల్లు నాకు ఉంచండి" అన్నాను, ఇంకా నవ్వారు. బెర్నిస్‌ని వేడుకుంటే అది మోకాలు చరుచుకుని నవ్వింది. అప్పుడు ఏడుపొచ్చింది. రుమాలు తీస్తే చప్పట్లు కొట్టారు. నిజంగా ఏడ్చే మనిషి ఏం చేస్తే నమ్ముతారో నాకు తెలియలేదు. నిజంగానే అంటున్నానని చెప్పాను. అంతకంటే ఏం చెప్తారు ఎవరైనా? వాళ్ళు లేచి నిలబడి "ఒట్టు" అన్నారు. మూడు నిమిషాలు అయిపోయాయని మైకు ఆపేశారు.

ఓటు అప్పటికింకా వెయ్యలేదు. బెర్నిస్ వచ్చి నన్ను వాటేసుకుని "నీలాంటిది ఇంకొకతి లేదే" అంది. దాని చెవి నా నోటి దగ్గరే ఉంది. ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. నలభై ఏళ్ళుగా నవ్వించిన జనం, అందరూ నా వైపు అంత ఆపేక్షగా చూస్తున్నారు. ఆ ముఖాలన్నీ ఒక్కసారి మాడిపోవడం చూడలేకపోయాను. ఇల్లు పోయింది మైకు దగ్గర కాదు, అక్కడ. ఆ సంగతి నాకు తెలుసు, ఎవరినీ అనను.

లెఫ్ట్ ఫీల్డ్‌లో ఒక బల్లకి నా పేరుతో ఇత్తడి ముక్క బిగిస్తారట. ప్రిసిల్లా ఫోన్ చేసి చెప్పింది. 'ఓల్గా టోమ్‌కో కూర్చునే చోటు' అని చెక్కుతారు. నేను ఉండే చోటు ఎవరూ అడగలేదు.

వసంతంలోపు ఖాళీ చెయ్యాలి. సామాను సర్దడం ఇంకా మొదలు పెట్టలేదు. మీసాకి రమ్మని ప్రతి ఉత్తరంలోనూ రాస్తావు, పువ్వుల చొక్కా ముసలాణ్ణి ఏడిపించమని రాస్తావు. అది నువ్వు జోకుగా అన్నావో, నిజంగా అన్నావో నాకిప్పుడు తెలియడం లేదు. మనిద్దరం ఎప్పుడైనా ఒక మాట మామూలుగా చెప్పుకున్నామా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రాలేదు.

ఊరివాళ్ళు నవ్వారు, సరే. వాళ్ళు బల్లల మీద నుంచి నన్ను ఎరిగినవాళ్ళు. నువ్వు నా తమ్ముడివి. నువ్వు ఆరుసార్లు చదివి నవ్వావు, పదిమందికి చదివి నవ్వించావు.

వాల్ట్ పంపిన ఆ ముక్క ఇంకా నీ దగ్గరే ఉంటుంది. తీసి మళ్ళీ చదువు. ఈసారి నవ్వకుండా చదువు. చదివాక నాకు రాయి.

ఓల్గా